ఎండలో మొరాయించే పెట్రోలు జీపు: వేపర్ లాకు, దాని నివారణ



పాల సంఘాల పత్రికలో జీపు ఇంజను గురించి పాఠం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. పాలు పితికినది మొదలు శీతల కేంద్రం తొట్టిలో పడేవరకు మన సొమ్ము దారిలోనే ఉన్నట్టు లెక్క. ఆ దారిలో బండి గంటసేపు ఆగితే నష్టపోయేది సభ్యులే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక మే నెలలో, ముదిగుబ్బ నుంచి బత్తలపల్లి మీదుగా అనంతపురం వైపు పాత పెట్రోలు జీపులో వస్తున్నాము. ఆ రోజు పాల వ్యాను రాకపోవడంతో ఒక సంఘంవారి ఆరు క్యాన్లు మా జీపులోనే ఎక్కించారు. పొద్దు బాగా ఎక్కింది. ఒక ఎత్తు ఎక్కుతుండగా ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. డ్రైవరన్న ప్లగ్గులు విప్పి తుడిచాడు, మళ్ళీ బిగించాడు. బ్యాటరీ దిగిపోయేదాకా సెల్ఫు కొట్టాడు. కదలలేదు. గంటకు పైగా గడిచాక నలుగురం కలిసి తోస్తే ఏమీ జరగనట్టే స్టార్టయింది. శీతల కేంద్రంలో నమూనాలు కాచి చూస్తే నాలుగు క్యాన్ల పాలు విరిగాయి. మర్నాడు సంఘం దగ్గర ఒక పెద్దమ్మ నన్ను నిలబెట్టి, "బండి నిలిచిపోతే మా పాలేం పాపం జేసినాయి సారూ?" అని అడిగింది. డిప్లొమాలో ఆటోమొబైలు చదివినవాణ్ణి గనుక జబ్బు పేరు నాకు తెలుసు. మందు మాత్రం ఆనాడు తెలియదు.

బావి గట్టున మోటారు ఉన్నవారికి ఈ జబ్బు సులభంగా అర్థమవుతుంది. ఫుట్‌వాల్వు కారి పైపులోకి గాలి చేరితే మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్ళు మాత్రం రావు. పెట్రోలు పంపు సంగతి కూడా అంతే. అయితే ఇక్కడ అడ్డుపడేది బయటి గాలి కాదు, పెట్రోలు ఆవిరే. నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. పెట్రోలు అనేక ద్రవాల కలయిక. అందులోని తేలిక భాగాలు 40 డిగ్రీల దరిదాపుల్లోనే ఆవిరి కావడం మొదలవుతుంది. పైగా పంపు ట్యాంకు నుంచి పెట్రోలును పీల్చుకునే గొట్టంలో పీడనం తగ్గుతుంది గనుక అది ఇంకా తక్కువ వేడికే మరుగుతుంది. మన పీఠభూమి ఎత్తు వల్లనే ఇలా జరుగుతుందని కొందరు అంటారు. అనంతపురం ఎత్తుకు ఆ ప్రభావం స్వల్పమే. అసలు కారణం ఎండ, నెమ్మదిగా ఎత్తు ఎక్కడం, బానెట్టు కింద నిలిచిన వేడి.

మహీంద్రా వారు 1947లో విల్లీస్ జీపుల కూర్పు మొదలుపెట్టారు. తరువాత వచ్చిన సి.జె.3బి రకంలో ఉన్నది 2,199 ఘన సెంటీమీటర్ల హరికేన్ ఇంజను. అది పొడవైనది గనుకనే ఆ జీపు బానెట్టు అంత ఎత్తుగా ఉంటుంది. దానిలో పెట్రోలు పంపు ఇంజను దిమ్మె పక్కన, కాలిన పొగ బయటికి పోయే మానిఫోల్డు ఉన్న వైపే అమర్చారు. పొయ్యి పక్కన నెయ్యి గిన్నె పెట్టినట్టన్నమాట.

ఎండలో ఆగిన ప్రతి బండికీ వేపర్ లాకు అని పేరు పెట్టరాదు. పంపుకు గాజు గిన్నె ఉంటే అందులోకి చూడవలెను. బుడగలు కనిపించినా, గిన్నె సగం ఖాళీగా ఉన్నా అనుమానం నిజమే. ట్యాంకు మూత సడలిస్తే గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వచ్చి, ఆ తరువాత బండి నడిస్తే తప్పు మూత రంధ్రానిది. దుమ్ము పట్టి పూడుకుపోయి ఉంటుంది. పెట్రోలు వాసన గుప్పుమంటే అది వేరొక జబ్బు. ఆగిన తరువాత కార్బురేటరు గిన్నెలోని పెట్రోలు మరిగి ఇంజనులోకి పొంగిందని అర్థం. అప్పుడు చోకు లాగక, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కిపట్టి స్టార్టు చేయవలెను. పంపు గిన్నె నిండుగా ఉండి కూడా బండి కదలకపోతే వేడెక్కిన ఇగ్నిషన్ కాయిల్‌ను చూపించవలసి ఉంటుంది.

డీజిలు బండి సంగతి వేరు. దానికి పట్టేది గాలి. స్క్రూ సడలించి, చేతిపంపు కొట్టి ఆ గాలిని బయటికి పంపుతారు. మన డ్రైవర్లు రెంటినీ "గాలి పట్టింది" అనే అంటారు. అలవాటు కొద్దీ పెట్రోలు బండికి కూడా వేడి మీద గొట్టాలు విప్పితే నిప్పు అంటుకుంటుంది. పక్కన బీడీ వెలిగించిన మనిషి ఉంటే చెప్పనక్కరలేదు.

దారిలో ఆగితే బండిని నీడకు తోసి, బానెట్టు ఎత్తి, పంపు మీద, దానికి వచ్చే గొట్టం మీద తడి గుడ్డ చుట్టి పావుగంట నుంచి అరగంట ఆగవలెను. నీళ్ళు గుమ్మరించరాదు. గాజు గిన్నె పగులుతుంది, కాలుతున్న మానిఫోల్డు చీలుతుంది. పంపుకు చేతి మీట ఉంటే చల్లబడ్డాక నాలుగైదుసార్లు కొట్టవచ్చు. పెట్రోలులో కిరోసిన్ కలిపితే ఆవిరి కాదని చెప్పేవారు ఉన్నారు. అది కల్తీ. ఇంజను కొట్టుకుంటుంది కూడా.

తడి గుడ్డ ఆ పూటకే పనికివస్తుంది. జబ్బు కుదరాలంటే వేడికీ పెట్రోలుకూ దూరం పెంచాలి. మానిఫోల్డుకు, సైలెన్సరుకు ఆనుకున్న గొట్టాన్ని పక్కకు జరిపించవలెను. పంపుకు, మానిఫోల్డుకు నడుమ రేకు కట్టించవలెను. ఆ రేకు రెంటినీ తాకకుండా, ఇరువైపులా గాలి ఆడేటట్టు ఉండాలి. పూడిన ఫిల్టరు, నెర్రెలిచ్చిన రబ్బరు గొట్టం, సడలిన పంపు డయాఫ్రం మార్పించవలెను. ఫిల్టరు పూడితే పంపు మరింత గట్టిగా పీలుస్తుంది, పెట్రోలు మరింత త్వరగా మరుగుతుంది. రేడియేటరులో ఇరుక్కున్న దుమ్ము, వేరుశనగ పొట్టు తీయించకుండా మిగతావి ఎన్ని చేసినా దండుగే. అప్పటికీ కుదరకపోతే ఆవిరి తిరిగి ట్యాంకులోకి పోయే సన్నని గొట్టం పెట్టించడం మంచి మార్గం. మా జీపుకు రేకు కట్టించి, గొట్టం జరిపించేసరికి ఆ వేసవి మరి ఆగలేదు. ఒక పూట పని.

2020 ఏప్రిల్‌లో బి.ఎస్.-6 నిబంధన వచ్చినప్పటి నుంచి కొత్త పెట్రోలు బండ్లలో చాలావరకు ఇంజెక్షన్ పద్ధతే ఉంది. కార్లలో పంపు ట్యాంకులోనే ఉండి పీల్చకుండా నెడుతుంది గనుక వాటికి ఈ బెడద అరుదు. పాత కార్బురేటరు జీపు, జిప్సీ ఉన్న సంఘాలవారు మరొకటి గమనించవలెను. 2025 నాటికి బంకుల్లో దొరికే మామూలు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తున్నది. పాతకాలపు రబ్బరు దానికి తట్టుకోదు. గొట్టాలు, డయాఫ్రం ఇథనాల్‌కు ఆగే రకంవి అడిగి వేయించవలెను.

ఇక పాల మాట. బండి ఆగగానే ముందుగా క్యాన్లను నీడకు దించి తడి గోనెలు చుట్టవలెను. మన పొడిగాలికి ఆ తడి త్వరగా ఆరుతూ క్యానును చల్లబరుస్తుంది. పావుగంటకొకసారి మళ్ళీ తడపాలి. మూత సందులోంచి నీళ్ళు లోపలికి పోనీయరాదు. పులుపు తెలియకుండా సోడా వేయడం నేరం. వేసవి నాలుగు నెలలూ ప్రతి పాల బండిలో ఆరు గోనెలు, ఒక బిందె నీళ్ళు ఉంచవలసిందిగా కార్యదర్శులను కోరుతున్నాను.