డీజిలు గొట్టపు నట్టులకు తగిన పానా

దుక్కికి ట్రాక్టరును, నీరు తోడుటకు డీజిలు ఇంజనును వాడు రైతులు మనలో అనేకులు గలరు. గాలి పట్టి ఇంజను ఆగినను, గొట్టము కాఱినను, ఇంజెక్టరును పరీక్షకు పంపవలసి వచ్చినను డీజిలు గొట్టపు నట్టులను విప్పక తప్పదు. పని చిన్నదే. కాని తగని పానాతో పూనుకొన్నచో, గడియలో ముగియవలసిన పని నాట్ల నడుమ ఇంజనును రెండు మూడు దినములు మూలబెట్టును. కావున ఏ నట్టునకు ఏ పానా తగునో ఈ మాసమున విచారింతము.

ఈ నట్టు తక్కిన నట్టుల వంటిది కాదు. చక్రపు నట్టు చెడినచో దానిని తీసి క్రొత్తది వేయవచ్చును. డీజిలు గొట్టపు నట్టు గొట్టమునకే తొడుగబడి యుండును. గొట్టపు కొస ఉబ్బుగా నుండుటచే అది వెలుపలికి రాదు. కనుక నట్టు మూలలు అరిగినచో సాధారణముగా గొట్టమునే మార్చవలసి వచ్చును. ఇత్తడి నట్టులు మెత్తనివి; ఉక్కు పానా క్రింద మఱింత త్వరగా అరుగును.

నోరు తెఱచియుండు మామూలు పానా నట్టును రెండు ముఖముల పైననే పట్టును. బలము హెచ్చినకొలది దాని నోరు కొంచెము విచ్చి, భారమంతయు రెండు మూలల మీద పడును. రింగు పానా అన్ని మూలలను పట్టును గాని, గొట్టము అడ్డుగా నుండుటచే నట్టు మీదికి ఎక్కదు. ఈ రెండు లోపములను తీర్చునది ఫ్లేరు నట్టు పానా. ఇదియు రింగు పానాయే. గొట్టము పట్టునంత సందు మాత్రము ఒక ప్రక్క కోయబడి యుండును. ఆ సందు గుండ గొట్టమును దాటించి పానాను నట్టు మీదికి జార్చినచో, అది ఆఱు ముఖములలో ఇంచుమించు ఐదింటిని ఆవరించును.

కొనునప్పుడు రింగు దళసరిగా నున్నదానిని ఎన్నుకొనవలయును. పలుచనిది బలమునకు విచ్చుకొనును. లోపల ఆఱు మూలలు గలదియు, పండ్రెండు మూలలు గలదియు అంగడిలో దొరకును. మెత్తని నట్టులకు ఆఱు మూలలదే మేలు. స్క్రూ పానాను, పైపు రెంచిని ఈ పనికి ముట్టరాదు. మొదటిదాని దవడ సడలును. రెండవదాని పండ్లు నట్టును కొఱుకును.

కొలత విషయమున ఏమరుపాటు తగదు. పాత యంత్రములలో అంగుళపు కొలతలును, క్రొత్త వానిలో మిల్లీమీటరు కొలతలును ఉండుట కలదు. అర అంగుళపు నట్టు 12.7 మిల్లీమీటర్లు, 13వ నంబరు పానా దాని మీద ఎక్కును గాని వదులుగా నుండును. 11/16 అంగుళపు నట్టు 17.46 మిల్లీమీటర్లు, 17వ నంబరు ఎక్కదు, 18వ నంబరు జాఱును. పానాను నట్టుపై నుంచి చేతితో అటునిటు కదల్చినప్పుడు ఆట లేకున్ననే బలము చూపవలయును.

విప్పుటకు ముందు ఇంజనును ఆపి, చల్లాఱనిచ్చి, నట్టు చుట్టును మట్టిని తుడువవలయును. తుప్పు పట్టినచో తుప్పు వదల్చు నూనె వేసి కొంతసేపు ఆగవలెను. గొట్టపు నట్టు బిగించిన అడుగు భాగమునకు వేఱు ముఖములున్నచో, దానిని మఱియొక పానాతో నిలిపి పట్టుకొని, పై నట్టును మాత్రమే త్రిప్పవలయును. లేనిచో రెండును కలిసి తిరిగి గొట్టము మెలిపడును. విప్పిన కొసలను వెంటనే శుభ్రమైన మూతలతో కప్పవలయును. పొలపు దుమ్ము ఇంజెక్టరునకు శత్రువు. రాగి వాషరులున్న చోట క్రొత్తవి వేయుట మంచిది. మరల బిగించునప్పుడు మొదట వ్రేళ్లతోనే మరలు పట్టించి, కడపట పానాను వాడవలయును.

ఒక్క హెచ్చరిక మఱవరాదు. పంపు నుండి ఇంజెక్టరునకు పోవు గొట్టములలో ఒత్తిడి వాతావరణపు ఒత్తిడికి నూఱు రెట్లకు మించి యుండును. ఇంజను నడచుచుండగా కాఱుచోటును చేతితో తడవి చూచినచో, సన్నని డీజిలు ధార చర్మమును చొచ్చుకొని లోపలికి పోవును. గాయము సూదిమొన యంతయే కనబడును. నొప్పియు మొదట ఉండకపోవచ్చును. అయినను జాగు చేయక ఆసుపత్రికి పోయి, డీజిలు లోపలికి పోయినదని వైద్యునకు చెప్పవలయును. ఆలస్యమైనచో వ్రేలినే కోల్పోవలసి రావచ్చును. కామన్ రెయిల్ ఇంజనులలో ఒత్తిడి ఇంకను మిక్కుటము. వాని గొట్టములను తర్ఫీదు పొందిన మెకానికునకే విడువవలయును.

ఒక్కొక్క రైతు అన్ని కొలతల పానాలను కొననక్కఱలేదు. తన యంత్రపు నట్టులకు సరిపడు ఒకటి రెండు పానాలు ఇంట నుంచుకొనిన చాలును. పూర్తి జతను సంఘము కొని, గిడ్డంగిలో నుంచి, పుస్తకమున వ్రాసికొని సభ్యులకు ఎరువిచ్చుట యుక్తమని మా తలంపు. ఒక గొట్టము చెడకుండ కాపాడినను, నాట్ల కాలమున ఒక దినపు నీరు తప్పకుండ చేసినను, ఆ వ్యయము సార్థకమే యగును.