ఆస్పత్రి ఆఖరి గడప కాకూడదు



జ్వరం రెండు రోజులు తగ్గకపోతే ఆస్పత్రికి వస్తాం. కాలు విరిగితే ఆ గంటలోనే వస్తాం. మరి మనసుకు జబ్బు చేస్తే? ఓ.పి.లో చీటీ రాస్తూ "ఎన్నాళ్ళ నుండి ఇలా ఉంది?" అని అడిగితే "ఏడాది నుండి", "రెండేళ్ళ నుండి" అనే జవాబు మాకు కొత్త కాదు.

ఆ కాలమంతా కుటుంబం ఊరకే కూర్చోలేదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. చేతబడి అని భూతవైద్యునికి డబ్బు పోశారు. గుళ్ళో, దర్గాలో నిద్ర చేయించారు, ఉపవాస ప్రార్థనలకు తీసుకెళ్ళారు. పెళ్ళి చేస్తే అదే కుదురుతుందని పెళ్ళి చేసినవారూ ఉన్నారు. అన్నీ అయ్యాక, అప్పులు మిగిలాక, ఆఖరి గడపగా ఆస్పత్రికి వచ్చారు.

ఇది మన ఊళ్ళ సంగతే కాదు. 2015-16లో బెంగళూరు నిమ్‌హాన్స్ సంస్థ 12 రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. జబ్బును బట్టి నూటికి 70 నుండి 92 మందికి చికిత్స అందడం లేదని అందులో తేలింది.

ఎందుకు ఆలస్యం?

మొదటి కారణం సిగ్గు. "నలుగురికీ తెలిస్తే చెల్లెలికి సంబంధం రాదు" అంటారు. ఈ సిగ్గును పెంచడంలో మా నర్సుల తప్పు కూడా ఉంది. మేము కొత్తగా డ్యూటీలో చేరిన రోజుల్లో ఇటువంటి రోగి వస్తే "పిచ్చి కేసు వచ్చింది" అని మాలో మేము చెప్పుకునేవాళ్ళం. ఒక రాత్రి ఆ మాట రోగి తల్లి చెవిన పడింది. తెల్లవారేసరికి మంచం ఖాళీగా ఉంది. వారు మళ్ళీ రాలేదు. అప్పటినుండి ఆ మాట మా నోట రానివ్వలేదు.

రెండవ కారణం ఇది జబ్బు అని తెలియకపోవడం. స్కిజోఫ్రీనియా, బైపోలార్, డిప్రెషన్ వంటివి మెదడు పనితీరులో మార్పులతో కూడిన జబ్బులు. వంశంలో ఉన్న గుణం, జీవితంలో తగిలిన దెబ్బలు, మత్తు పదార్థాలు వీటికి తోడవుతాయి. ఇది ఎవరి పాపమూ కాదు, తల్లి పెంపకంలో లోపమూ కాదు. ప్రార్థన మానమని మేము అనడం లేదు. షుగరుకు మందు వేసుకుంటూనే ప్రార్థిస్తున్నాం గదా! దీనికీ అంతే.

నయమైంది గదా అని మానితే

మేము చూసిన ఒక యువకుడు తాపీ పని చేసేవాడు. చెవిలో ఎవరో తిడుతున్నారని పని మానేసి గదిలో తలుపు వేసుకున్నాడు. మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకు మళ్ళీ పనికి వెళ్ళాడు. ఇంతలో సంబంధం కుదిరింది. కొత్త కోడలు చూస్తుందని పెద్దలు మాత్రలు మాన్పించారు. మూడు నెలలకు జబ్బు తిరగబెట్టింది. ఆ అమ్మాయి మాతో అన్నది ఒకటే మాట: "ముందే చెప్తే మందు నేనే వేసేదాన్ని గదండీ." ఆమెకు మేము జవాబు చెప్పలేకపోయాం.

డిప్రెషన్ మందులు గుణం చూపడానికి రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది. నయమైన తరువాత కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. స్కిజోఫ్రీనియాకు ఇంకా ఎక్కువ కాలం అవసరం. మత్తుగా ఉండడం, చేతులు వణకడం, బరువు పెరగడం వంటివి కనబడితే మందు ఆపకండి, డాక్టరుకు చెప్పండి. మందు మార్చవచ్చు, మోతాదు తగ్గించవచ్చు.

కట్టివేత కాపాడదు

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, గొలుసులతో కట్టి ఉంచిన రోగుల పాకకు నిప్పంటుకుంది. తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. వారిని నయమవుతుందనే ఆశతోనే ఇంటివారు అక్కడ వదిలి వెళ్ళారు. 2018 నుండి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) ప్రకారం రోగిని గొలుసులతో బంధించడం నిషేధం. చికిత్స పొందడం అతని హక్కు.

కుటుంబం చేయవలసినవి

1. నిద్ర పట్టకపోవడం, ఒంటరిగా ఉండడం, తనలో తాను మాట్లాడుకోవడం, లేనిపోని అనుమానాలు రెండు వారాలకు మించి ఉంటే డాక్టరుకు చూపండి.
2. "చచ్చిపోతాను" అంటే బెదిరింపు అనుకోకండి. ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బా ఇంట్లో ఉంచకండి. ఆ రోజే ఆస్పత్రికి తీసుకురండి.
3. మందులు వేసే బాధ్యత ఇంట్లో ఒకరు తీసుకోండి. చీటీలన్నీ ఒక సంచిలో దాచండి.
4. రోగి ఎదుట అతని గురించి పక్కవారితో మాట్లాడకండి. చేయగలిగిన పని చేయనివ్వండి.
5. పెళ్ళి మందు కాదు. సంబంధం మాట్లాడేటప్పుడు జబ్బు సంగతి దాచకండి.

ఎక్కడికి వెళ్ళాలో తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ టెలి మానస్ సేవ ఉచితం, రాత్రింబవళ్ళు ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్నంలోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇటువంటివారు ఉంటే ఈ పేజీ వారికి చదివి వినిపించండి. ఎప్పుడు వచ్చినా తీసుకుంటాం, ఇంత ఆలస్యమెందుకని తిట్టం. కాని ముందే వస్తే రోగికి పోయే ఏళ్ళు మిగులుతాయి.