చిన్న అక్వేరియంలో పాచి తినే చేపలు: ఏవి వేసుకోవాలి, ఏవి వద్దు? (వీడియోతో)



కూరగాయల మడులు, తామర తొట్టితో పాటు ఇంట్లో చిన్న అక్వేరియం కూడా పెట్టుకున్నవాళ్లు తరచుగా ఒకటే అడుగుతున్నారు. "అద్దానికి పచ్చగా పాచి పడుతోందండీ, దాన్ని తినే చేప ఏదైనా చెప్పండి" అని. పై వీడియోలో ట్యాంకు దగ్గరే నిలబడి చూపించాను. రాసుకోవడానికి వీలుగా ఆ వివరాలు ఇక్కడ ఇస్తున్నాను.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. నాది రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకు. నిండా పోస్తే సుమారు 55 లీటర్లు. షాపులో "సక్కర్ వేసుకోండి సార్, అద్దం అదే నాకేస్తుంది" అన్నారు. రెండంగుళాల పిల్లని తెచ్చి వేశాను. మొదట్లో బాగానే తినింది. ఏడాదిన్నర తిరిగేసరికి జానెడు దాటింది. పాచి వైపు చూడటం మానేసి, మిగతా చేపలకి వేసే మేత మీద పడింది. అది వేసే మలం అంతా నీళ్లలో ఎరువైంది. ఎరువు పెరిగితే పాచి పెరగదా మరి! పాచి తీయడానికి తెచ్చిన చేపే పాచికి ఎరువు వేసిందన్నమాట.

పాచి ఎందుకు వస్తుంది?

మన పొలంలో కలుపు లాంటిదే ఇది కూడా. వెలుతురు, పోషకాలు ఎక్కువైతే వస్తుంది. కాబట్టి చేప కొనే ముందు ఈ నాలుగు పనులు చేయండి.

1. ట్యాంకు మీద నేరుగా ఎండ పడనివ్వద్దు. లైటు రోజుకి 6 నుంచి 8 గంటలు చాలు.
2. రెండు నిమిషాల్లో తినేసేంత మేతే వేయండి.
3. వారానికి ఒకసారి పావు వంతు నీళ్లు మార్చండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే విరుగుడు చుక్కలు కలిపి పోయండి.
4. హార్న్‌వర్ట్ లాంటి త్వరగా పెరిగే నీటి మొక్కలు పెట్టండి. పాచికి అందాల్సిన పోషకాలు అవి లాగేసుకుంటాయి.

తీసిన నీళ్లు పారబోయకండి, కుండీల్లో మొక్కలకి పోయండి. ఉప్పు గానీ మందు గానీ వేసిన నీళ్లయితే మాత్రం వద్దు.

ఏవి వేసుకోవచ్చు?

*20–30 లీటర్ల ట్యాంకు:* పాచి కోసం చేపలే వద్దు. చెర్రీ రొయ్యలు గానీ, ఒకటి రెండు నెరైట్ నత్తలు గానీ చాలు. నెరైట్ గుడ్లు మంచినీళ్లలో పిల్లలవ్వవు, కాబట్టి నత్తలతో ట్యాంకు నిండిపోతుందన్న భయం లేదు. రాగి ఉన్న మందులు వాడితే మాత్రం రొయ్యలు, నత్తలు చచ్చిపోతాయి.

*50–60 లీటర్లు:* ఓటోసింక్లస్, మనవాళ్లు ఓటో అంటారు. ఒకటిన్నర రెండంగుళాలకి మించదు. గుంపుగా ఉండే చేప, కనీసం నాలుగైదు వేయాలి. మెత్తటి పాచి, గోధుమ రంగు పొర బాగా తింటుంది. కొత్త ట్యాంకులో వేస్తే తిండి దొరక్క చచ్చిపోతుంది. ట్యాంకు పెట్టి మూడు నాలుగు నెలలైన తర్వాతే తెచ్చుకోండి. కొనేటప్పుడు పొట్ట చూడండి, లోపలికి పీక్కుపోయి ఉంటే తీసుకోవద్దు. పాచి తగ్గాక ఉడికించిన కీరా ముక్క వేస్తుండాలి.

మీది గట్టి బోరు నీళ్లయితే మోలీలు నయం. గట్టి నీళ్లు వాటికి పడతాయి, పాచిని కొరుక్కు తింటాయి. కాకపోతే పిల్లలు ఎక్కువ పెడతాయి.

*100 లీటర్లు దాటితే:* బ్రిసిల్‌నోస్ ఒక్కటి చాలు. ఇది కూడా సక్కర్ జాతే, కానీ అయిదంగుళాల దగ్గర ఆగుతుంది. నమలడానికి ట్యాంకులో ఒక చెక్క ముక్క పెట్టండి.

ఏవి వద్దు?

మామూలు సక్కర్ అడుగు దాటి పెరుగుతుంది. గోల్డెన్ ఆల్గే ఈటర్ అని పసుపు రంగులో అమ్మేది పెద్దయ్యాక మిగతా చేపల్ని తరుముతుంది, వాటి ఒంటి మీది జిగురు పీలుస్తుంది. షాపులో పిల్ల సైజు కాదు, పెద్దయ్యాక ఎంతవుతుందో అడిగి కొనండి.

ఇంకో మాట. నీలి ఆకుపచ్చ రంగులో దుప్పటిలా పరుచుకుని, వాసన వచ్చే పాచిని ఈ చేపలేవీ తినవు. చేత్తో తీసేసి, నీళ్లు మార్చుకోవాల్సిందే.

చెరువులో మాత్రం వదలొద్దు

నా సక్కర్ పెద్దదయ్యాక "పక్క చెరువులో వదిలేయండి, పుణ్యం" అన్నారు ఒకరు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. ఆంధ్రలో చేపల రైతులు డెవిల్ ఫిష్ అని తిట్టుకునేది ఈ జాతినే. అక్వేరియాల కోసం తెచ్చిన దక్షిణ అమెరికా చేప ఇది. చెరువుల్లో చేరి మేత తినేస్తుంది, ముళ్ల రెక్కలతో వలలు చింపుతుంది, గట్లకి బొరియలు పెడుతుంది. కోసి అమ్ముదామంటే కొనేవాళ్లు ఉండరు. మన ఇంట్లో తలనొప్పిని ఇంకో రైతు చెరువులో వేయడం పుణ్యం ఎలా అవుతుంది? నేనైతే పెద్ద ట్యాంకు ఉన్న మిత్రుడికి ఇచ్చేశాను. అలా తీసుకునేవాళ్లు లేకపోతే షాపువాళ్లకే తిరిగి ఇవ్వండి.

ఇప్పుడు నా ట్యాంకులో అయిదు ఓటోలు ఉన్నాయి. ముందు అద్దం మాత్రం వారానికోసారి స్పాంజితో నేనే తుడుస్తాను. వెనక అద్దం వాటికి వదిలేశాను, వాటికీ తిండి కావాలి కదా!

మీ ట్యాంకు ఎన్ని లీటర్లో, పాచి ఏ రంగులో ఉందో రాయండి. చూసి చెప్తాను.