పైరుల వంశవృక్షము



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో సాగరు ఎడమ కాలువ క్రిందను, మూసీ క్రిందను, బావుల క్రిందను వరి పండించు మనకు ఊదగడ్డి బాధ క్రొత్త కాదు. లేతదశలో ఊదయు వరియు అన్నదమ్ములవలె కనబడును. నిజముగా అవి అన్నదమ్ములా? ఈ పాఠమున దానిని విచారింతము.

బిడ్డలు తల్లిదండ్రులను పోలుదురు గాని అచ్చముగా వారివలె నుండరు. విత్తనమునందును అట్టి స్వల్పభేదములు పుట్టుచుండును. వానిలో కొన్ని నిలిచి, తరతరములు పేరుకొని, లక్షల యేండ్లకు ఒక మూలమునుండి అనేక జాతు లేర్పడును. ఏ రెండింటి ఉమ్మడి పూర్వికుడు ఇటీవలివాడో అవి దగ్గరి జ్ఞాతులు. ఈ విధముగా కూర్చిన పటమే వంశవృక్షము.

గడ్డి కుటుంబమున రెండు పెద్ద కొమ్మలు కలవు. ఒకదానిపై వరి, గోధుమ, వెదురు ఉన్నవి. రెండవదానిపై జొన్న, మొక్కజొన్న, చెఱకు ఒక రెమ్మగను, సజ్జ, ఊద మరియొక రెమ్మగను ఉన్నవి. కనుక ఊద సజ్జకు చుట్టము. వరికి ఊదకంటె వెదురే దగ్గర!

అయినచో ఆ పోలిక ఎట్లు వచ్చెను? వరికి భిన్నముగా కనబడు ఊదను తరతరములుగా మన చేతులే పీకినవి. వరిని పోలినవి తప్పించుకొని విత్తనము రాల్చినవి. కావున పైపోలిక చుట్టరికమునకు సాక్ష్యము కాదు. అన్ని గడ్డులకు నున్న పచ్చదనమును సాక్ష్యము కాదు. ఒక పూర్వికునియందు క్రొత్తగా పుట్టి, వాని సంతతికి మాత్రమే వచ్చిన లక్షణములే సాక్ష్యము. పండితులు పువ్వు, గింజ, డి.ఎన్.ఏ. అన్నియు పోల్చి తీర్పు చెప్పుదురు.

దీనివలన లాభమేమి? 1986లో బాపట్లనుండి విడుదలయిన సాంబ మసూరి (బి.పి.టి. 5204) బాక్టీరియా ఎండాకు తెగులునకు లొంగును. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.యు, వరి పరిశోధనా సంస్థయు కలిసి దానికి తెగులును తట్టుకొను మూడు జన్యువులను చేర్చినవి. ఆ వంగడము 2008లో విడుదలయ్యెను. ఆ మూడింటిలో ఒకటి ఆఫ్రికా అడవి వరినుండి వచ్చినది. జ్ఞాతి గనుక సంకరము కుదిరెను. ఊదతో నది కుదరదు.

మన చెరువుల అంచున మొలచు నివ్వరి వరికి మిక్కిలి దగ్గరి జ్ఞాతి. అది చెరువున నుండనిండు, రేపటి తెగులునకు మందు అందుండవచ్చును. చేనిలో మాత్రము ఉంచరాదు. అది వరితో సంకరమగును, గింజ ముందే రాలును. కావున పూతకు పూర్వమే పీకివేయుడు. విత్తనమునకు కల్తీలేని మడిని ఎన్నుకొనుడు.

అభ్యాసము: రెండు లేత మొక్కలను పీకి, ఆకు తొడుగును వీడు చోట చూడుడు. నాలుకవంటి పలుచని పొర యున్నది వరి, లేనిది ఊద.