సర్వేయర్ కావాలంటే: సగం చదువు పుస్తకంలో, సగం పొలం గట్టు మీద



పిల్లలు తొమ్మిది, పది తరగతులకు వచ్చేసరికి మన ఇళ్లలో ఎక్కువగా వినిపించే మాటలు రెండే: ఐఐటీ, నీట్. ఆ రెండూ మంచి లక్ష్యాలే. కానీ గణితం ఇష్టపడుతూ, రోజంతా ఒకే కుర్చీలో కూర్చోవడం ఇష్టపడని పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. అలాంటి పిల్లల కోసం ఈ నెల ఒక వృత్తిని పరిచయం చేస్తున్నాం. భూమిని కొలిచి, హద్దు చూపించే సర్వేయర్ వృత్తి అది. దీన్ని పుస్తకంతో మొదలుపెట్టవచ్చు కానీ, అనుభవం ఉన్నవారి పక్కన అప్రెంటిస్‌గా నిలబడకుండా ఎవరూ పూర్తిగా నేర్చుకోలేరు.

మీలో చాలామందికి సొంత ఊళ్లో ఎంతో కొంత భూమి ఉంటుంది. అన్నదమ్ముల పంపకం రోజునో, కొనే రోజునో, పక్క రైతు గట్టు జరిపాడన్న అనుమానం వచ్చిన రోజునో సర్వేయర్ కోసం ఎదురుచూసి ఉంటారు. ఆయన చెప్పిన కొలత మీద మీ ఇంటి ప్రశాంతత ఎంతగా ఆధారపడిందో ఒకసారి గుర్తు చేసుకోండి.

మన ప్రాంతంలో హద్దు విలువ

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లే దారిలో కొలతల చరిత్రే మారిపోతుంది. ఖమ్మం ఒకప్పుడు నిజాం రాజ్యంలోది. అక్కడ లెక్క గుంటల్లో: 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉంటే ఒక గుంట, అలాంటివి 40 అయితే ఒక ఎకరం. భద్రాచలం 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఆంధ్ర ప్రాంతంలో లెక్క సెంట్లలో: 100 సెంట్లు ఒక ఎకరం. అంటే ఒక గుంట రెండున్నర సెంట్లు. పాత పటం కూడా తెలంగాణలో టిప్పన్, ఆంధ్ర ప్రాంతంలో ఎఫ్‌ఎంబీ. ఇక్కడ పనిచేసే సర్వేయర్‌కు రెండూ తెలిసి ఉంటే మేలు.

రాష్ట్ర హద్దు కూడా మనకు దగ్గరే. 2014 విభజన తర్వాత భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండగా, దాన్ని ఆనుకుని ఉన్న పురుషోత్తపట్నం ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లింది. రాములవారి గుడి ఒక రాష్ట్రంలో, గుడికి చెందిన వందల ఎకరాల భూమి మరో రాష్ట్రంలో ఉన్నాయి. ఆ భూముల ఆక్రమణ గొడవలు మీరు పత్రికల్లో చదువుతూనే ఉంటారు.

అన్నిటికంటే సున్నితమైనది అడవి అంచు. రెవెన్యూ భూమి ఎక్కడ ముగుస్తుంది, రిజర్వు అడవి ఎక్కడ మొదలవుతుంది అన్న ప్రశ్న మీద ఇక్కడ ఎన్నో కుటుంబాల తిండి ఆధారపడి ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్న గిరిజన కుటుంబానికి గరిష్ఠంగా 4 హెక్టార్ల వరకు హక్కు పత్రం ఇవ్వవచ్చు. అది కూడా నిజంగా సాగులో ఉన్నంత మేరకే. ఎంత మేర సాగులో ఉందో తేలాలంటే ఎవరో ఒకరు వెళ్లి కొలవాలి. 2022 నవంబర్‌లో చండ్రుగొండ రేంజ్‌లో పోడు భూమి గొడవలో ఒక అటవీ రేంజ్ అధికారి ప్రాణాలు కోల్పోయారు. కొలత ఒక్కటే ఇలాంటి గొడవలన్నిటినీ తీర్చలేదు. కానీ రెండు వైపులవారూ నమ్మే కొలత లేకపోతే మాట్లాడుకోవడానికి మొదలే ఉండదు.

నాలుగు వైపులు కొలిస్తే చాలదు

ఇప్పుడు ఒక చిన్న పాఠం. మీ పిల్లలతో కలిసి చదవండి.

ఒక చెలక నాలుగు వైపులా 200 అడుగులు ఉంది. విస్తీర్ణం ఎంత? చాలామంది వెంటనే 200ను 200తో గుణించి 40,000 చదరపు అడుగులు అంటారు. గుంటకు 1,089 చదరపు అడుగులు కాబట్టి దాదాపు 36.7 గుంటలు.

ఆ చెలక సరిగ్గా చతురస్రంగా ఉంటేనే ఈ జవాబు నిజం. అదే చెలక ఒక పక్కకు వాలి, ఎదురెదురు మూలల మధ్య దూరం కూడా 200 అడుగులే ఉందనుకోండి. అప్పుడది రెండు త్రిభుజాలు. ఒక్కో త్రిభుజంలో మూడు వైపులూ 200 అడుగులు. తొమ్మిదో తరగతిలో చదివే హెరాన్ సూత్రంతో లెక్కిస్తే ఒక్కొక్కటి సుమారు 17,320 చదరపు అడుగులు. రెండూ కలిపితే 34,641, అంటే 31.8 గుంటలు. నాలుగు గట్ల పొడవు మారలేదు, భూమి మాత్రం దాదాపు ఐదు గుంటలు తగ్గిపోయింది.

అందుకే సర్వేయర్ ఎప్పుడూ కర్ణాన్ని కూడా కొలుస్తాడు, పొలాన్ని త్రిభుజాలుగా విడగొడతాడు. మూడు వైపులు తెలిస్తే త్రిభుజం కదలదు. నాలుగు వైపులు తెలిసినా చతుర్భుజం కదులుతూనే ఉంటుంది. ఈ ఒక్క సంగతి తెలియక, ఎదురెదురు గట్ల సగటు తీసి గుణించి భూమి కొన్నవారు నష్టపోతారు. పరీక్షలో హెరాన్ సూత్రానికి వచ్చేవి కొన్ని మార్కులే. పొలంలో దాని విలువ లక్షల్లో ఉంటుంది.

తరగతి గదిలో దొరకనిది

సూత్రం వచ్చినంత మాత్రాన సర్వే రాదు. ఎక్కడ నిలబడి కొలత మొదలుపెట్టాలి? పాత సర్వే రాయి కదిలిందా, కదిలించారా? మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే చోట ఉన్న రాయి నుంచి లెక్క సరిపోతోందా? పటంలో ఉన్న వాగు ఇప్పుడు దారి మార్చుకుందా? ఇలాంటివి పెద్ద సర్వేయర్ పక్కన నడిచి నేర్చుకునేవే.

అడవి అంచున ఇంకో చిక్కు ఉంది. ఉపగ్రహ సంకేతాలతో పనిచేసే రోవర్ బహిరంగ పొలంలో సెంటీమీటర్ల తేడాలోపే స్థానం చెబుతుంది. దట్టమైన చెట్ల కింద ఆ సంకేతం బలహీనపడుతుంది, ఆకులకూ కాండాలకూ తగిలి తప్పుదారి పడుతుంది. అలాంటి చోట బహిరంగ ప్రదేశంలో ఒక బిందువు ఖాయం చేసుకుని, అక్కడి నుంచి టోటల్ స్టేషన్‌తో కోణాలు, దూరాలు కొలుచుకుంటూ లోపలికి వెళ్లాలి. చేతిలో పట్టుకునే మామూలు జీపీఎస్‌లో కొన్ని మీటర్ల తేడా రావచ్చు. వంద మీటర్ల గట్టు పొడవునా ఐదు మీటర్ల తేడా వస్తే 500 చదరపు మీటర్లు, అంటే మళ్లీ దాదాపు ఐదు గుంటలే. ఏ పరికరాన్ని ఎక్కడ నమ్మకూడదో తెలియడమే ఈ పనిలో నైపుణ్యం.

ఈ వృత్తిని పక్కన ఉండి నేర్పే పద్ధతి కొత్తది కాదు. కృష్ణా, గోదావరి ప్రాంతాల్లో సర్వేలు చేసిన మైకేల్ టాపింగ్ 1794లో మద్రాసులో సర్వే బడి పెట్టి, అనాథాశ్రమంలోని కొందరు పిల్లలను అప్రెంటిస్‌లుగా తీసుకున్నారు. ఆ బడే కాలక్రమంలో గిండీ ఇంజనీరింగ్ కళాశాలగా ఎదిగింది. టాపింగ్ 1796లో మచిలీపట్నంలో మరణించారు. 1819లో కృష్ణా, గోదావరి నదుల మధ్య అడవుల్లో సర్వేకు వచ్చిన జార్జ్ ఎవరెస్ట్ బృందమంతా జ్వరాలతో మంచాన పడింది. తర్వాత ఆయన పేరే ప్రపంచంలో ఎత్తయిన శిఖరానికి పెట్టారు. లెక్కతో పాటు శరీరం కూడా సిద్ధంగా ఉండాల్సిన పని ఇది.

ఏ దారిలో వెళ్లవచ్చు

పదో తరగతి తర్వాత: ఐటీఐలో సర్వేయర్ ట్రేడ్, డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ ట్రేడ్ ఉన్నాయి. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేయవచ్చు. ఐటీఐ పూర్తయ్యాక 1961 అప్రెంటిస్ చట్టం కింద ఏదైనా సంస్థలో స్టైపెండ్‌తో అప్రెంటిస్‌గా చేరవచ్చు.

ఇంటర్ తర్వాత: తెలంగాణలో 2025లో వచ్చిన భూభారతి చట్టం ఒక కొత్త దారి తెరిచింది. ఆ చట్టాన్ని మొదట ప్రయోగాత్మకంగా అమలు చేసిన నాలుగు మండలాల్లో మన నేలకొండపల్లి ఒకటి. భూమి చేతులు మారేటప్పుడు పత్రానికి సర్వే పటం జత చేయాలన్నది అందులోని ముఖ్యమైన అంశం. అందుకోసం ప్రభుత్వం లైసెన్స్‌డ్ సర్వేయర్లను తయారు చేయడం మొదలుపెట్టింది. మొదటి విడత అర్హతలు ఇవి: ఇంటర్‌లో గణితం చదివి కనీసం 60 శాతం మార్కులు, లేదా ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్ సివిల్, సివిల్ డిప్లొమా, సివిల్ బీటెక్‌లలో ఏదో ఒకటి. శిక్షణ రుసుము ఓసీలకు 10,000, బీసీలకు 5,000, ఎస్సీ, ఎస్టీలకు 2,500 రూపాయలు. 50 రోజుల శిక్షణ, ఆ తర్వాత అర్హత పరీక్ష, ప్రాక్టికల్స్, ఆపై 40 రోజుల అప్రెంటిస్‌షిప్. 2025 అక్టోబర్ 19న హైదరాబాద్ శిల్పకళావేదికలో 3,465 మందికి లైసెన్సులు అందజేశారు.

గనుల వైపు: కొత్తగూడెం సింగరేణికి కేంద్రం. భూగర్భ గనిలో దారి ఎటు పోతోందో చెప్పే మైన్ సర్వేయర్‌కు గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ ఇచ్చే ప్రత్యేక ధ్రువపత్రం కావాలి. సివిల్ లేదా మైనింగ్ డిప్లొమా వైపు వెళ్లే పిల్లలు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

తల్లిదండ్రులు ముందే తెలుసుకోవలసినవి

లైసెన్స్ అంటే ప్రభుత్వ ఉద్యోగం కాదు. నెల జీతం ఉండదు, చేసిన పనికి రుసుము వస్తుంది. మొదటి ఏడాది ఆదాయం నిలకడగా ఉండకపోవచ్చు. ఇంటి నుంచి కొంత ఆసరా అవసరమని ముందే లెక్క వేసుకోండి.

విడతకో నోటిఫికేషన్ వస్తుంది, నిబంధనలు మారవచ్చు. మధ్యవర్తుల మాట విని డబ్బు కట్టకండి. నోటిఫికేషన్‌ను పూర్తిగా చదివి, జిల్లా సర్వే, భూ రికార్డుల కార్యాలయంలో అడిగి నిర్ధారించుకోండి.

సర్వేయర్ హద్దు ఎక్కడుందో చెబుతాడు. భూమి ఎవరిదో తేల్చేది తహసీల్దారు, కోర్టు. ఏజెన్సీ ప్రాంతంలో 1970 నాటి ఒకటో నిబంధన ప్రకారం గిరిజనేతరుల పేరు మీదికి భూమి మారదు. కొలత ఎంత సరిగ్గా ఉన్నా ఆ చట్టాన్ని దాటలేదు. ఈ గీత తెలియని సర్వేయర్ తానూ చిక్కుల్లో పడతాడు, తనను నమ్మినవారినీ పడేస్తాడు.

ఒత్తిడి ఉంటుంది. "కాస్త ఇటు జరపండి సార్" అనే మాట ఈ వృత్తిలో తప్పకుండా వినబడుతుంది. జరిపేది ఒక అడుగే కావచ్చు. అటువైపు ఉన్న కుటుంబానికి అది ఒక తరం గొడవ. లెక్కలో నూటికి నూరు తెచ్చుకునే పిల్లవాడికి ఆ క్షణంలో కుదరదని చెప్పే ధైర్యం కూడా కావాలి. ఆ ధైర్యాన్ని నేర్పేది మీరే, ఇంట్లోనే.

మా అమ్మాయికి ఈ పని కుదురుతుందా అని అడిగేవారికి: పరికరాలు ఇప్పుడు తేలికయ్యాయి, ఫీల్డ్‌లో కొలిచిన తర్వాత కంప్యూటర్ మీద పటం గీసే పనీ ఉంటుంది. ఏ జట్టుతో, ఎక్కడికి, ఎన్ని గంటలకు వెళ్తున్నారో అడిగి తెలుసుకోవడం అబ్బాయి విషయంలోనూ, అమ్మాయి విషయంలోనూ అవసరమే.

ఈ నెల ఇంట్లో చేయండి

ఒక ఆదివారం పిల్లలను ఊళ్లోని పొలానికో, ఖాళీ స్థలానికో తీసుకెళ్లండి. ఒక టేపు, నాలుగు కర్రలు, ఒక నోటు పుస్తకం చాలు.

1. నాలుగు మూలల్లో కర్రలు పాతి నాలుగు వైపులు కొలవండి.
2. ఎదురెదురు మూలల మధ్య ఒక కర్ణం కొలవండి.
3. రెండు త్రిభుజాలకు హెరాన్ సూత్రం వేసి విస్తీర్ణం కట్టండి. చదరపు అడుగులను 1,089తో భాగిస్తే గుంటలు వస్తాయి.
4. రెండో కర్ణంతో మళ్లీ లెక్కించండి. రెండు జవాబులు ఎంత దగ్గరగా వచ్చాయో చూడండి.
5. పాస్ పుస్తకంలో ఉన్న విస్తీర్ణంతో పోల్చండి. తేడా వస్తే కంగారు పడకండి, ఎవరితోనూ గొడవ పెట్టుకోకండి. టేపు వదులుగా పట్టుకున్నారేమో, మూల సరిగ్గా గుర్తించారేమో ముందు చూసుకోండి.

ఇంటికి వచ్చేటప్పుడు మీ అబ్బాయినో అమ్మాయినో ఒక్క ప్రశ్న అడగండి: "ఎండలో ఈ పని రోజూ చేయమంటే చేస్తావా?" వెంటనే వచ్చే జవాబు కంటే, రెండో కర్ణం కొలిచేటప్పుడు వాళ్ల ముఖంలో కనిపించిన ఆసక్తే మీకు ఎక్కువ చెబుతుంది. ఆసక్తి కనిపిస్తే గణితం ఉపాధ్యాయుల్ని వచ్చి కలవండి. ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో నిర్ణయించుకునేలోపే ఆ మాట జరిగితే మంచిది.