కారులోని గలగల: కారణము, నివారణ

ఒక ఆదివారం మా తమ్ముని కారులో జగ్గయ్యపేట నుండి వేదాద్రికి బయలుదేరాము. డిక్కీలో అతడు కొత్తగా సబ్‌వూఫరు పెట్టించాడు. పాటలో మంద్రధ్వని వచ్చినప్పుడల్లా వెనుక ఏదో అదరుతున్న చప్పుడు. స్పీకరు చెడినదని, మార్చవలెనని బిగించినవారు చెప్పారట. కృష్ణ ఒడ్డున కారు ఆపి, పాట సాగుతుండగానే వెనుక నంబరు ప్లేటుపై అరచేయి ఆన్చాను. చప్పుడు నిలిచిపోయింది. వేల రూపాయల దోషమనుకొన్నది రెండు మరలు వదులు కావడమే!

కారణము

మానవుని చెవి సాధారణంగా 20 నుండి 20,000 హెర్ట్‌జుల వరకు గల ధ్వనులను గ్రహిస్తుంది. సబ్‌వూఫరు పలికించేది ఇందలి అట్టడుగు భాగం. సుమారు 20 నుండి 100 హెర్ట్‌జుల వరకు. గాలిలో ధ్వనివేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. కనుక 50 హెర్ట్‌జుల ధ్వని తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. అనగా కారు కంటెను పొడవు. అందుచేత కారులోని గాలి అంతయు ఒక్కుమ్మడిగా తలుపులను, కప్పును, డిక్కీ మూతను లోనికి వెలికి తోస్తుంది.

ఉయ్యాల ఊపు చూచి తోస్తే, చిన్న తోపుకే అది ఎత్తుకు లేస్తుంది. ప్రతి రేకుకు, ప్రతి పలకకు అటువంటి సహజ పౌనఃపున్యం ఒకటి కలదు. పాటలోని ధ్వని దానితో కలిసినప్పుడు ఆ భాగం విశేషంగా కంపిస్తుంది. దీనినే అనునాదం అంటారు. ఆ భాగం వదులుగా ఉంటే పక్కనున్నదానిని కొట్టుకొంటుంది. మనకు వినిపించే రొద ఆ తాకిడిదే.

పేరులోనే ఆచూకీ

ఈ పరిశోధనకు మన ధ్వన్యనుకరణ పదాలే తొలి పరికరం. 'గలగల' అంటే తాళపుచెవులు, చిల్లర నాణేలు వంటి చిన్న వస్తువులు. 'దడదడ' అంటే డిక్కీ మూత, నంబరు ప్లేటు వంటి వెడల్పైన రేకు. 'కిర్రుకిర్రు' అంటే రెండు ప్లాస్టిక్ భాగాల ఒరిపిడి. 'బుసబుస' అంటే స్పీకరు పెట్టె అతుకులో గాలి కారుతున్నది. ఉర్దూలోని 'ఖడ్‌ఖడ్‌', 'ఝన్‌ఝన్‌' కూడ ఇట్టివే. చెవితో విన్నదానికి తగిన మాట పెట్టగలిగినవాడు దోషమున్న చోటికి సగం దూరం చేరినట్లే.

నివారణ

మొదట పెట్టెలలోని, డిక్కీలోని విడి వస్తువులను తీసివేయవలెను. తరువాత కారు నిలిపి, ఒకరు లోపల కూర్చుండి 20 హెర్ట్‌జుల నుండి 100 వరకు మెల్లగా పెరిగే స్వరమును మితమైన స్థాయిలో వినిపించవలెను. రెండవవారు ఒక్కొక్క భాగాన్ని అరచేతితో అదిమి చూడవలెను. ఎక్కడ అదిమితే రొద ఆగునో అదియే చోటు.

అక్కడ ముందుగా మరలు బిగించవలెను. రెండు భాగాలు తాకే చోట ఫోమ్ ముక్కనో, ఫెల్టు గుడ్డనో ఉంచవలెను. అప్పటికిని రేకు అదరితే, దానిని శుభ్రపరచి అల్యూమినియం పొర గల బ్యుటైల్ రబ్బరు అట్టను గట్టిగా అతికించవలెను. అది కంపనశక్తిని వేడిగా మార్చి అణచివేస్తుంది. రేకు అంతటా అతికించనక్కరలేదు. మధ్యభాగాన కొంత మేర చాలు. తలుపు అడుగున నీరు పోయే రంధ్రాలను మూయరాదు. మూస్తే వానకాలంలో తుప్పు పట్టును. ఎయిర్ బ్యాగులున్న చోట ఏమియు అతికించరాదు.

ఒక హెచ్చరిక

వేదాద్రి నుండి తిరిగి వచ్చుచు పాట ఆపాము. అయినను ముందు నుండి 'టకటక' మని ఒక చప్పుడు వినవచ్చింది. దారి పక్కన దిగి స్పానరు పెట్టి చూస్తే, కొద్ది దినాల క్రితం మార్చిన ముందు చక్రానికి రెండు నట్లు వదులై ఉన్నవి. ఆ చప్పుడును పాట ఎన్ని దినాలు కప్పివేసినదో! మరికొంత దూరం అట్లే పోతే ఏమయ్యేదో తలచుకొంటే నేటికిని గుండె జల్లుమంటుంది. కనుక రొద వెదకబోయేవారు తొలుత పాట ఆపి కారు నడిపి చూడవలెను. అప్పటికిని చప్పుడు వస్తే దోషం వాహనానిది. ఫోమ్ ముక్కలను విడిచి మెకానిక్కు వద్దకు వెళ్లవలెను.

రొద పోయినదని ధ్వనిని పెంచుట తగదు. 85 డెసిబెళ్ల ధ్వనిని రోజుకు 8 గంటల చొప్పున ఏండ్ల తరబడి వింటే వినికిడి దెబ్బతినవచ్చును. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ల పరిమితిని విధించాయి. మన కారులోని మంద్రధ్వని వీధిలోని ఇంటి కిటికీ అద్దాలను కూడ అదరగొట్టగలదు. ఆ కిటికీ వెనుక పరీక్షకు చదువుకొనే విద్యార్థియో, నిద్రపట్టని రోగియో ఉండవచ్చును. వారి కిటికీకి మనము ఫోమ్ అతికించలేము. మన మీటను తగ్గించుకొనవలసినదే.