రక్తం తగిలే పరికరాల పరీక్ష: ఎంఎల్‌టీ విద్యార్థులు చూడని దారి

నీట్‌లో ర్యాంకు రాని బైపీసీ విద్యార్థికి పాములపాడు, ఆత్మకూరు, ఆళ్లగడ్డ వైపు ఇళ్లలో పెద్దవాళ్లు సూచించే చదువుల్లో ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) ఒకటి. నంద్యాలలోనో కర్నూలులోనో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో కుదురుకుంటే చాలన్నది వాళ్ల ఆలోచన. అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆ చదువు తీసుకెళ్లగల మరో చోటు గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. అది వైద్య పరికరాల పరీక్ష. గుండెలో పెట్టే స్టెంటు, కృత్రిమ కవాటం, డయాలిసిస్ గొట్టం, రక్తం నింపే సంచి, ఇలా రక్తం తగిలే ప్రతి వస్తువూ రోగి దగ్గరికి చేరకముందే రక్తంతో దాని పొత్తు ఎలా ఉంటుందో తేల్చాలి. ఆ తేల్చే పనిలో ముఖ్యమైనది, ఆ వస్తువు మీద ప్లేట్‌లెట్లు ఎంత మేరకు అంటుకుంటున్నాయో చూడటం. ఇందులో ఫలితం నిలబడేది ఖరీదైన యంత్రం వల్ల కంటే నమూనాను పట్టుకున్న చేతి వల్లనే ఎక్కువ. అందుకే పల్లె నుంచి వచ్చి డిప్లొమా చేసిన విద్యార్థికి కూడా ఇక్కడ చోటుందని నా వాదన.

చెయ్యి ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ప్లేట్‌లెట్ స్వభావం తెలియాలి. ఒక మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండే ఈ కణాలు రెండు మూడు మైక్రాన్ల సైజువి. ఎనిమిది నుంచి పది రోజులు బతుకుతాయి. గాయమైన చోట అంటుకుని రక్తస్రావాన్ని ఆపడం వాటి పని. పరాయి వస్తువు కనిపించినా అవి ఆ పనికే దిగుతాయి. నిజానికి అవి నేరుగా లోహాన్నో ప్లాస్టిక్‌నో తాకవు. రక్తం తగిలిన క్షణాల్లోనే ఫైబ్రినోజెన్ వంటి ప్రొటీన్లు ఆ ఉపరితలం మీద పొరగా పరుచుకుంటాయి, ప్లేట్‌లెట్లు అంటుకునేది ఆ పొరకే. పరీక్ష కోసం దాత రక్తాన్ని సిట్రేట్ ట్యూబులోకి తీసి, నెమ్మదైన వేగంతో సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ప్లేట్‌లెట్లు నిండుగా ఉన్న ప్లాస్మాను వేరు చేస్తారు. పరీక్షించాల్సిన ముక్కను అందులో 37 డిగ్రీల దగ్గర ఉంచి, తరువాత కడిగి, గ్లూటరాల్డిహైడ్‌తో స్థిరపరిచి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద లెక్కిస్తారు. సంఖ్య ఒక్కటే సరిపోదు. గుండ్రంగా ఉన్న ప్లేట్‌లెట్ ఇంకా ప్రశాంతంగా ఉన్నట్టు, కొమ్మలు చాచి పరుచుకున్నది ఉత్తేజితమైనట్టు. ఇప్పుడు ఎక్కడెక్కడ చెడుతుందో చూడండి. నరం దొరక్క సూదిని అటూ ఇటూ కదిపితే ట్యూబులోకి చేరేసరికే ప్లేట్‌లెట్లు ఉత్తేజితమైపోతాయి. మిగతా నమూనాల్లాగే ఫ్రిజ్‌లో పెడితే చలికి ఆకారం మార్చుకుంటాయి. రక్తనిధిలో వాటిని 20-24 డిగ్రీల మధ్య కదుపుతూ నిల్వ చేసేది అందుకే. దాత వారం పది రోజుల్లోపు ఆస్పిరిన్ వేసుకున్నాడా అని అడగడం మరిచిపోతే, ఆ మందు ప్రభావం ప్లేట్‌లెట్ బతికినంత కాలం ఉంటుంది కాబట్టి ఫలితమే తప్పుదారి పట్టవచ్చు. కడిగేటప్పుడు ధార ఎక్కువైతే సరిగా అంటుకోని కణాలు కొట్టుకుపోయి, చెడ్డ వస్తువు మంచిదిగా కనిపిస్తుంది. ఈ పొరపాట్లలో ఏ ఒక్కటినీ మైక్రోస్కోపు పట్టుకోలేదు. అది తన ముందు పెట్టినదాన్ని మాత్రమే చూపిస్తుంది.

ఇంత చిన్న పరీక్ష నుంచి ఏం తేలుతుందని అనుకునేవారికి చరిత్రలోనే జవాబుంది. 1960లో నార్వేలో హెల్లెమ్ అనే వైద్యుడు గాజు పూసలు నింపిన గొట్టంలోంచి రక్తాన్ని పంపి, ఎన్ని ప్లేట్‌లెట్లు పూసలకు అంటుకుని ఆగిపోయాయో లెక్కపెట్టాడు. ఎర్ర కణాల్లోని ఏదో పదార్థం అంటుకోవడాన్ని పెంచుతోందని ఆయన గమనించాడు. అది ఏడీపీ అని మరుసటి ఏడాదే నార్వే పరిశోధకులు తేల్చారు. ప్లేట్‌లెట్ మీద ఆ ఏడీపీ పనిచేసే గ్రాహకాన్ని అడ్డుకునే మందే క్లోపిడోగ్రెల్. మన ఊళ్లలో స్టెంటు వేయించుకున్నవారి మందుల డబ్బాలో తరచూ కనిపించే బిళ్ల అదే. తరువాతి కాలంలో శాస్త్రవేత్తలు నిలిచిన రక్తంతో సరిపెట్టుకోకుండా, పారే రక్తంతో పరీక్షించడం మొదలుపెట్టారు. పాములపాడు మండలంలోనే ఉన్న బనకచర్ల రెగ్యులేటర్ చూసినవారికి నీటి ఉరవడి సంగతి చెప్పనక్కర్లేదు. కాలువ మందంగా పారే చోట ఒండ్రు పేరుకుంటుంది, గేట్ల దగ్గరి వేగంలో నిలవదు. ప్లేట్‌లెట్లు అలా కాదు. సన్నబడిన ధమనిలో రక్తం వేగంగా గోడను రాసుకుంటూ పోయే చోట కూడా అవి పట్టు దొరికించుకుంటాయి. ఆ వేగంలో వాటిని గోడకు పట్టి ఉంచేది, 1926లో ఫిన్లండ్ వైద్యుడు వాన్ విల్లెబ్రాండ్ వర్ణించిన రక్తస్రావ జబ్బులో లోపించే ప్రొటీనే. అందువల్ల స్టెంటును నిలిచిన ప్లాస్మాలో మాత్రమే పరీక్షించి మంచిదనడం చాలదు. ఎలాంటి వస్తువుకు ఎలాంటి ప్రవాహంలో పరీక్ష కావాలో తెలిసిన టెక్నీషియన్‌కు విలువ పెరిగేది ఇక్కడే.

ఈ విలువకు గిరాకీ చట్టం నుంచి వస్తోంది. వైద్య పరికరాల నిబంధనలు 2017లో వెలువడి 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. పరికరాలను ప్రమాదాన్ని బట్టి ఏ నుంచి డీ వరకు నాలుగు తరగతులు చేశారు. స్టెంట్లు, గుండె కవాటాలు డీ తరగతిలోకి వస్తాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం పరిధిలోకి చేరాయి. సీ, డీ తరగతులకు 2023 అక్టోబరు నుంచి లైసెన్సు తప్పనిసరి. రక్తంతో పొత్తును ఏ పరీక్షలతో చూడాలో చెప్పేది ఐఎస్‌వో 10993 ప్రమాణాల్లో నాలుగో భాగం. తెలుగు నేలకు ఈ రంగం కొత్తేమీ కాదు. 1990ల్లో హైదరాబాద్‌లో హృద్రోగ నిపుణుడు బి. సోమరాజు, శాస్త్రవేత్త అబ్దుల్ కలాం కలిసి తక్కువ ధర స్టెంటును రూపొందించారు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ తయారు చేసిన గుండె కవాటాన్ని 1990లో తొలిసారి రోగికి అమర్చారు. రక్తసంచి సాంకేతికత కూడా అక్కడి నుంచి పరిశ్రమకు వెళ్లింది. ఆ సంస్థ చరిత్ర చదివితే, పదార్థాల పరీక్షలో ఏళ్ల తరబడి ఓపిక పట్టకుండా ఏ పరికరమూ బయటికి రాదని అర్థమవుతుంది. ఇవాళ విశాఖపట్నంలోని మెడ్‌టెక్ జోన్‌లో బయోమెటీరియల్ పరీక్షల ప్రయోగశాల ఉంది. హైదరాబాద్ శివారు సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉంది, అక్కడ స్టెంట్లు తయారవుతున్నాయి.

ఉద్యోగాలు ఎన్ని ఉంటాయన్నది న్యాయమైన అభ్యంతరం. ప్లేట్‌లెట్లు అంటుకోవడాన్ని పరీక్షించడమే ఉద్యోగంగా ఉండే కుర్చీలు దేశం మొత్తం మీద తక్కువే. ఇదొక్కటి నేర్చుకుంటే జీవితం గడిచిపోతుందని చెప్పడం విద్యార్థిని మోసం చేయడమే అవుతుంది. కానీ దీన్ని చేయగలిగినవాడికి హీమోలిసిస్ (ఎర్ర కణాలు పగలడం), రక్తం గడ్డకట్టే సమయాలు, కణాల మీద విషప్రభావం చూసే పరీక్షలు నేర్చుకోవడం కష్టం కాదు. పరీక్షశాలలు ఇవన్నీ చేయగలవారినే వెతుకుతాయి. అక్కడి నుంచి క్వాలిటీ అస్యూరెన్స్‌కూ రెగ్యులేటరీ విభాగానికీ మారే వీలుంది. పైగా ఈ నైపుణ్యం ఆసుపత్రి ల్యాబ్‌కు పనికిరాకుండా పోదు. పరికరాల రంగంలో చోటు దొరకకపోయినా చదివిన చదువు వృథా కాదు కనుక, ఈ దారి పట్టడంలో నష్టభయం తక్కువ.

రేపు యంత్రాలే అన్నీ చేస్తాయిగా అనేవారికి డెంగీ రోజులు గుర్తు చేయాలి. ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో కొందరి ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి. కౌంటర్ యంత్రం ఆ గుంపులను ప్లేట్‌లెట్లుగా గుర్తించక, ఇరవై వేలే ఉన్నాయని కూడా చూపవచ్చు. బంధువులు దాతల కోసం పరుగులు తీస్తారు. టెక్నీషియన్ స్లైడు మీద స్మియర్ వేసి చూసి గుంపులను పట్టుకుని, సిట్రేట్ ట్యూబులో మళ్లీ రక్తం తీస్తే, చాలాసార్లు సరైన సంఖ్య బయటపడుతుంది. యంత్రం సందేహం ఉందని జెండా ఎత్తగలదు, ఆ సందేహాన్ని తీర్చేది స్లైడు చూసే కన్ను. ఇక్కడ పనిచేసే జాగ్రత్త, పరికరాల పరీక్షలో పనిచేసే జాగ్రత్త ఒక్కటే. కాబట్టి పెద్ద నగరానికి వెళ్తే తప్ప మొదలుపెట్టలేమన్న బెంగ అక్కర్లేదు. కర్నూలు వైద్య కళాశాల ఆసుపత్రిలోనైనా, నంద్యాలలోని శాంతిరాం ఆసుపత్రిలోనైనా, 2023లో నంద్యాలలో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోనైనా స్మియర్, సిట్రేట్ నమూనా, రక్తనిధి పని శ్రద్ధగా నేర్చుకోవచ్చు.

చదువు సంగతికొస్తే, డీఎంఎల్‌టీ కంటే బీఎస్సీ ఎంఎల్‌టీ మెరుగు. దాని మీద బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ వంటి పీజీ ఉంటే ఇంకా మంచిది. పరిశోధన రూపకల్పన చేసే కుర్చీకి పీహెచ్‌డీ కావాలి, నమూనా పట్టే కుర్చీకి అక్కర్లేదు. కాలేజీ ఎంచుకునేటప్పుడు భవనం చూడకండి. ఇంటర్న్‌షిప్ ఏ ల్యాబ్‌లో చేయిస్తారో, దానికి ప్రయోగశాలలను మదింపు చేసే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందో లేదో అడగండి. రోగుల ల్యాబులకు వర్తించే ఐఎస్‌వో 15189 పద్ధతిలో రికార్డు రాయడం, పరికరాల కాలిబ్రేషన్ తేదీలు చూసుకోవడం అలవాటైనవారు, పరీక్షశాలలకు వర్తించే ఐఎస్‌వో 17025 పద్ధతికి త్వరగా అలవాటు పడతారు. ప్రమాణాల పత్రాలన్నీ ఇంగ్లిషులోనే ఉంటాయి. తెలుగు మీడియం నుంచి వచ్చినవారికి మొదట్లో ఇబ్బందే, కానీ వాటి భాష గడుసుది కాదు, వాడిన మాటలే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. రోజుకో పేజీ అర్థం చేసుకుంటూ పోతే ఒక సెమిస్టరులో దారికొస్తుంది. ఆడపిల్లను రక్తం పనికి పంపడమెలా అని భయపడే తల్లిదండ్రులు, కోర్సు మొదలుకాగానే హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పూర్తి చేయించండి. మొదటి డోసు తరువాత నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. చివరి డోసు పడిన నెలా రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయించి, ఆ కాగితాన్ని సర్టిఫికెట్లతో పాటు దాచిపెట్టండి.